టోరిక్ లెన్స్: కంట్లో పెట్టాక తిరగదని ఎలా తేలుస్తారు?

క్లుప్తంగా: శుక్లం ఆపరేషన్‌లోనే సిలిండర్ పవర్‌ను కూడా సరిచేసేది టోరిక్ లెన్స్. అది కంట్లో ఒక కచ్చితమైన కోణంలో కుదురుగా ఉంటేనే పనిచేస్తుంది. అందుకే దీన్ని పరీక్షించేటప్పుడు చూపు ఎంత వచ్చిందన్నది ఒక్కటే చూస్తే చాలదు. లెన్స్ ఎంత తిరిగింది, ఆ తిరుగుడును ఏ క్షణం నుంచి లెక్కపెట్టారు, ఏ లెన్స్‌తో పోల్చారు అన్నదాన్ని బట్టి ఫలితం మారిపోతుంది.

కళ్లద్దాల చీటీలో మూడో గడి

కళ్లద్దాల చీటీలో స్ఫియర్ (అన్ని దిశల్లో ఒకేలా ఉండే పవర్) పక్కన సిలిండర్, యాక్సిస్ అని మరో రెండు గడులుంటాయి. చాలామంది మొదటి అంకె చూసి ఊరుకుంటారు. ఆ రెండు గడుల్లోనూ అంకెలుంటే ఆ కంటికి ఆస్టిగ్మాటిజం ఉన్నట్టు. కంటి ముందుభాగంలో ఉండే పారదర్శక పొర కార్నియా అన్ని వైపులా ఒకేలా గుండ్రంగా ఉండక, ఒక దిశలో ఎక్కువ వంపు, దానికి అడ్డంగా ఉన్న దిశలో తక్కువ వంపు తిరిగి ఉంటుంది. దాంతో వెలుగు ఒక బిందువు దగ్గర కలవదు. నిలువు గీతలు స్పష్టంగా ఉంటే అడ్డగీతలు అలుక్కుపోతాయి, లేదా అందుకు తిరగబడి జరుగుతుంది. ఈ తేడా ఎన్ని డయాప్టర్లో (లెన్స్ పవర్‌ను కొలిచే యూనిట్) సిలిండర్ అంకె చెబుతుంది, ఏ కోణంలో ఉందో యాక్సిస్ చెబుతుంది.

దీన్ని అద్దాలతో సరిచేయడం కొత్తేమీ కాదు. ఇంగ్లండ్ ఖగోళ శాస్త్రవేత్త జార్జ్ ఎయిరీ 1825లో తన కంటి దోషాన్ని తానే కొలుచుకుని సిలిండర్ అద్దం చేయించుకున్నాడు. శుక్లం తీసిన చోట లోపల కృత్రిమ లెన్స్ పెట్టడం మాత్రం 1949 నవంబరులో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీతో మొదలైంది. ఆ తర్వాత దశాబ్దాల పాటు వచ్చిన లెన్సులు స్ఫియర్‌ను మాత్రమే సరిచేసేవి. శుక్లం ఆపరేషన్‌కు వచ్చేవారిలో ఇంచుమించు మూడోవంతు మందికి కార్నియా వల్ల ఒక డయాప్టర్ లేదా అంతకన్నా ఎక్కువ ఆస్టిగ్మాటిజం ఉంటుంది. వారికి మామూలు లెన్స్ పెడితే మసక పోతుంది కానీ సిలిండర్ అలాగే మిగులుతుంది. ఆపరేషన్ బాగానే జరిగింది కదా, దూరం చూడ్డానికి మళ్లీ అద్దాలెందుకు అన్న ప్రశ్న ఎక్కువగా వచ్చేది ఇలాంటి వారి నుంచే.

జపాన్‌లో షిమిజు బృందం తయారుచేసిన తొలి టోరిక్ లెన్స్ ఫలితాలు 1994లో వెలువడ్డాయి. అది మడత పడని గట్టి ప్లాస్టిక్ లెన్స్ కావడంతో దాన్ని లోపలికి పంపడానికి 5.7 మిల్లీమీటర్ల కోత పెట్టాల్సి వచ్చింది. వాటిలో దాదాపు 20 శాతం 30 డిగ్రీలు, అంతకు మించి తిరిగిపోయాయి. టోరిక్ లెన్స్ పరీక్షలు ఇప్పటికీ ఏ అంశం చుట్టూ తిరుగుతున్నాయో ఆ తొలి ఫలితమే చెప్పేసింది.

ఒక్కో డిగ్రీ ఎంత నష్టం చేస్తుంది

మామూలు లెన్స్ గుండ్రటి పళ్లెం లాంటిది. శుక్లం తీసేశాక కంట్లో మిగిలే పల్చటి పొర సంచిలోనే లెన్స్‌ను పెడతారు. ఆ సంచిలో అది ఎంత తిరిగినా చూపులో తేడా రాదు. టోరిక్ లెన్స్‌కు ఆ వెసులుబాటు లేదు. దాని బలహీనమైన దిశను గుర్తుపట్టడానికి అంచున చిన్న చుక్కలు ఉంటాయి. అవి కార్నియాలో ఎక్కువ వంపున్న దిశతో ఒకే గీతలోకి రావాలి.

గురి తప్పితే ఎంత సిలిండర్ మిగులుతుందో లెక్కకట్టడానికి చిన్న సూత్రం ఉంది: లెన్స్ సరిచేసే సిలిండర్‌ను రెట్టింపు చేసి, తిరిగిన కోణపు సైన్ విలువతో గుణించాలి. కార్నియాలో 2 డయాప్టర్ల దోషం ఉండి, సరిగ్గా అంతే సరిచేసే లెన్స్ పెట్టారనుకుందాం. 5 డిగ్రీలు తిరిగితే 0.35 డయాప్టర్ మిగులుతుంది. 10 డిగ్రీలకు 0.69, 15కి 1.04. 30 డిగ్రీల దగ్గర మొత్తం 2 డయాప్టర్లూ తిరిగి వచ్చేస్తాయి. టోరిక్ లెన్స్ పెట్టినా పెట్టనట్టే. ఆ పైన తిరిగితే అసలున్న దోషం కన్నా ఎక్కువ దోషాన్ని లెన్సే తెచ్చిపెడుతుంది. ఒక్కో డిగ్రీకి దాదాపు 3.3 శాతం ప్రయోజనం పోతుందని డాక్టర్లు చెప్పే మాట ఈ సూత్రానికి తేలిక రూపం.

30 డిగ్రీల దగ్గర మిగిలిన సిలిండర్ పరిమాణం పాతదే అయినా దాని యాక్సిస్ పాతది కాదు. అందుకే పాత అద్దాలు తీసి పెట్టుకున్నా పని జరగదు. కొత్త చీటీ రాయించుకోవాల్సిందే.

ఇదే సూత్రం మరో సంగతి కూడా చెబుతుంది. ఒక డయాప్టర్ సరిచేసే లెన్స్ 10 డిగ్రీలు తిరిగితే 0.35 మిగులుతుంది, చాలామందికి ఆ తేడా తెలియకపోవచ్చు. 4 డయాప్టర్ల లెన్స్ అంతే తిరిగితే దాదాపు 1.4 మిగులుతుంది. తిరిగింది రెండూ ఒకే అంత, బాధ మాత్రం నాలుగింతలు. కాబట్టి తక్కువ పవర్ టోరిక్ లెన్సులతో నిండిన ట్రయల్‌లో మిగిలిన సిలిండర్ సగటు దానంతటదే బాగా కనిపిస్తుంది. ఏ పవర్ లెన్సులు ఎందరికి పెట్టారో చెప్పకుండా ఆ సగటు ఒక్కటే ప్రకటిస్తే దాంతో పెద్దగా ఉపయోగం ఉండదు.

ముందు బల్ల మీద

మనిషి కంట్లోకి వెళ్లే ముందు లెన్స్ ల్యాబ్‌లో చాలా దూరం ప్రయాణిస్తుంది. కంటి లోపల పెట్టే లెన్సులన్నిటికీ అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ పెట్టిన 11979 అనే ప్రమాణాల వరస ఉంది. అందులో రెండో భాగం వెలుగు సంగతి, మూడోది యాంత్రిక బలం, అయిదోది శరీరానికి పడుతుందా లేదా, ఏడోది మనుషుల మీద ట్రయల్స్ గురించి.

వెలుగు పరీక్షలో లెన్స్‌ను నమూనా కంట్లో పెట్టి, 3 మిల్లీమీటర్ల రంధ్రం గుండా సన్నని నలుపు, తెలుపు గీతల బొమ్మ పంపుతారు. మిల్లీమీటరుకు 100 జతల గీతలున్నా వాటి మధ్య తేడా కనీసం 0.43 వంతు నిలవాలన్నది సాధారణ గీటురాయి. 15 నుంచి 25 డయాప్టర్ల లెన్స్ అయితే ముద్రించిన పవర్‌కూ అసలు పవర్‌కూ తేడా 0.4 దాటకూడదు. టోరిక్ అయితే సిలిండర్ పవర్‌నూ, చుక్కలు సరైన దిశలోనే పడ్డాయా అన్నదాన్నీ కూడా కొలవాలి. చుక్కే తప్పు చోట పడితే డాక్టర్ ఎంత జాగ్రత్తగా తిప్పి నిలబెట్టినా ఫలితం ఉండదు.

యాంత్రిక పరీక్షలు టోరిక్ విషయంలో మరీ ముఖ్యం. లెన్స్ రెండు పక్కలా సన్నని కాడలుంటాయి, డాక్టర్ల మాటలో హాప్టిక్స్. సంచి గోడలను ఆనుకుని లెన్స్‌ను పట్టి ఉంచేవి ఇవే. సంచిలో ఉన్నట్టే 10 మిల్లీమీటర్లకు నొక్కిపెట్టి అవి ఎంత బలంగా తోస్తున్నాయో, కాలం గడిచే కొద్దీ ఆ బలం ఎంత తగ్గుతోందో చూస్తారు. 2,50,000 సార్లు నొక్కి వదిలినా కాడ విరగకూడదు.

కానీ లెన్స్ నిజంగా తిరుగుతుందా లేదా అన్నది బల్ల మీద పూర్తిగా తేలదు. ప్రతి మనిషికీ సంచి వెడల్పు వేరు. సంచి గోడ లెన్స్‌కు అతుక్కోవడం, ఆపరేషన్‌లో వాడిన జెల్ కొంచెం లెన్స్ వెనక ఉండిపోవడం, కన్ను మానేటప్పుడు సంచి ముడుచుకోవడం వంటివి ల్యాబ్‌లో నకలు చేయడం కష్టం. అమెరికాలో 1998లో అనుమతి పొందిన తొలి టోరిక్ లెన్స్ సిలికాన్‌తో చేసిన పలక ఆకారపు లెన్స్. 10.8 మిల్లీమీటర్ల పొడవున్న దాని రకం పెద్ద సంచుల్లో వదులుగా ఉండి తిరిగేది. పొడవును 11.2 మిల్లీమీటర్లకు పెంచాక పరిస్థితి మెరుగుపడింది. అర మిల్లీమీటరు కూడా లేని తేడా అది. ఆ తర్వాత వచ్చిన హైడ్రోఫోబిక్ యాక్రిలిక్ (నీటిని పెద్దగా పీల్చని ప్లాస్టిక్) లెన్సులు సంచి గోడకు జిగురుగా అంటుకుంటాయి కాబట్టి తిరగడం ఇంకా తగ్గింది.

ఎవరితో పోల్చాలి

టోరిక్ లెన్స్ చాలాసార్లు అప్పటికే అనుమతి ఉన్న మామూలు లెన్స్‌కు మార్పు చేసిన రూపం. పదార్థం అదే, కాడలు అవే, ఒక ఉపరితలం మాత్రమే వేరు. అందుకని శరీరానికి పడుతుందా లేదా అన్న పరీక్షలన్నీ మొదటి నుంచి చేయనవసరం లేదు. ట్రయల్ తేల్చాల్సినవి రెండు: సిలిండర్ తగ్గిందా, లెన్స్ నిలిచిందా.

మొదటిది తేల్చడానికి పోలిక కావాలి. సహజంగా దొరికే పోలిక దాని మాతృ లెన్సే, అంటే సిలిండర్ సరిచేయని మామూలు లెన్స్. ఎవరికి ఏది పెట్టాలో చీటీలు తీసినట్టు కంప్యూటర్ నిర్ణయిస్తుంది. తక్కువ సిలిండర్ ఉన్నవారి విషయంలో దీనికి ఇబ్బంది లేదు. 3 డయాప్టర్ల దోషం ఉన్న మనిషికి, సరిచేసే లెన్స్ చేతిలో ఉండగా మామూలుది పెట్టడం సబబేనా అన్నది చిక్కు. టెక్నిస్ అనే బ్రాండ్ టోరిక్ లెన్స్ ట్రయల్ దీనికి ఒక మధ్యేమార్గం ఎంచుకుంది. అతి తక్కువ సిలిండర్ రకాన్ని మాత్రమే మామూలు లెన్స్‌తో యాదృచ్ఛికంగా పోల్చారు. ఎక్కువ పవర్లవి పెట్టినవారిని పోలిక లేకుండా విడిగా గమనించారు. నైతికంగా ఇది సమర్థనీయమే. కాకపోతే ఎక్కువ పవర్ల విషయంలో సాక్ష్యం ఆ మేరకు పలచబడుతుంది, పైన చెప్పినట్టు తిరిగితే ఎక్కువ నష్టపోయేది ఆ పవర్ల వారే.

ఎవరికి ఏ లెన్స్ పడిందో తెలియకుండా దాచడం కూడా ఇక్కడ సగమే సాధ్యం. లెన్స్ మీద చుక్కలుంటాయి కాబట్టి ఆపరేషన్ చేసే డాక్టర్ దగ్గర దాచలేరు. కంటిపాప పెద్దది చేసి చూసేవారికీ అవి కనిపిస్తాయి. అందుకని చూపు అక్షరాల బోర్డు చదివించేవారిని వేరుగా ఉంచి, కంటిపాపను పెద్దది చేసే మందు వేయక ముందే ఆ పని పూర్తి చేయిస్తారు. లెన్స్ కోణం చూసే పని వేరొకరిది.

భద్రతకు మరో కొలత ఉంది. శుక్లం లెన్సుల ట్రయల్స్‌లో సమస్యలు ఎంతవరకు ఉంటే సహించవచ్చో ఐఎస్ఓ పట్టిక చెబుతుంది: రెటీనా మధ్యలో వాపు 3 శాతం, రెండోసారి ఆపరేషన్ 0.8 శాతం, కంటి లోపల ఇన్ఫెక్షన్ 0.1 శాతం. మామూలు లెన్స్‌కు రెండోసారి ఆపరేషన్ చేయాల్సి రావడం అరుదు. టోరిక్‌కు మాత్రం తిరిగిన లెన్స్‌ను మళ్లీ సరిచేయడం కూడా ఆ లెక్కలోకే వస్తుంది. కాబట్టి ఈ వరసలో అంకె పెరిగితే పదార్థాన్ని అనుమానించే ముందు తిరుగుడును చూడాలి.

గడియారం ఎప్పుడు మొదలవుతుంది

పాఠకులను ఎక్కువగా తికమక పెట్టేది ఈ భాగమే. అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ ఆన్సి పెట్టిన ప్రమాణం ప్రకారం, దాదాపు మూడు నెలల తేడాతో జరిగిన రెండు వరస పరీక్షల మధ్య 90 శాతానికి మించిన కళ్లలో లెన్స్ 5 డిగ్రీలకు మించి కదలకూడదు. వినడానికి గట్టి నిబంధనే. కానీ లెన్స్ ఎక్కువగా తిరిగేది మూడు నెలల్లో కాదు, ఆపరేషన్ అయిన తొలి గంటల్లో. మొదటి గంటలోనే పెద్ద భాగం అయిపోతుందని వరసగా ఫొటోలు తీసి చూసిన పరిశోధనలు తేల్చాయి. అప్పటికి సంచి ఇంకా లెన్స్‌కు అతుక్కుని ఉండదు. ఒక రోజు గడిచాక కదలిక బాగా తగ్గుతుంది. కొన్ని వారాలకు సంచి ముడుచుకుని లెన్స్‌ను బిగించేస్తుంది.

ఇప్పుడు ఒక ఉదాహరణ. ఆపరేషన్ బల్ల మీద 90 డిగ్రీల దగ్గర నిలబెట్టిన లెన్స్ గంటలో 102కి తిరిగి అక్కడే స్థిరపడిందనుకుందాం. మూడో నెలలోనూ ఆరో నెలలోనూ చూస్తే 102 దగ్గరే ఉంటుంది. రెండు పరీక్షల మధ్య తేడా సున్నా, నిబంధన ప్రకారం పాస్. ఆ మనిషికి మాత్రం సిలిండర్‌లో దాదాపు 40 శాతం మిగిలిపోయింది. నిబంధన తప్పని కాదు. అది కొలిచేది లెన్స్ నిలకడను, గురిని కాదు. అందుకే ఆపరేషన్ ముగిసిన వెంటనే తీసిన ఫొటోను మొదటి మెట్టుగా పెట్టుకున్న ట్రయల్ ఫలితాలు చూడటానికి కొంచెం అధ్వాన్నంగా ఉన్నా వాటికే ఎక్కువ విలువ ఇవ్వాలి.

ఆ తొలి ఫొటో తీయడం కూడా తేలిక కాదు. ఆపరేషన్ బల్ల మీద మనిషి పడుకుని ఉంటాడు, తర్వాతి ఫొటో స్లిట్ ల్యాంప్ (కంటిని పెద్దది చేసి చూపే పరీక్ష యంత్రం) ముందు కూర్చోబెట్టి తీస్తారు. తల రవ్వంత వాలినా లెన్స్ తిరిగినట్టు కనిపిస్తుంది. అందుకే తెల్లగుడ్డు మీది రక్తనాళాలను, కంటిపాప చుట్టూ ఉండే నల్లగుడ్డులోని గీతలను ఆనవాళ్లుగా పెట్టుకుని రెండు ఫొటోలను ఒకదానిపై ఒకటి సరిపెడతారు.

తొలి కొలత ఎంత తేడా తెస్తుందో చూపడానికి 2018లో ప్రచురితమైన ఒక పోలిక పనికొస్తుంది. 1,273 కళ్లలో రెండు ప్రసిద్ధ రకాల టోరిక్ లెన్సులను ఆపరేషన్ తర్వాత తొలి పరీక్షలోనే కొలిచారు. అక్రిసాఫ్ రకంలో 91.9 శాతం 5 డిగ్రీల లోపు ఉన్నాయి, టెక్నిస్ రకంలో 81.8 శాతం. రెండూ అమెరికాలో ట్రయల్స్ దాటి అనుమతి పొందినవే. ఇది చీటీలు తీసి చేసిన ట్రయల్ కాదు, అయిపోయిన కేసుల లెక్కలను వెనక్కి తిరిగి చూసింది. ఆ పరిమితిని మరిచిపోకూడదు. అయినా టెక్నిస్ తయారీదారు తర్వాతి రూపంలో కాడల అంచులను గరుకుగా మార్చి తెచ్చారు. కాడ నున్నగా ఉంటే జారుతుంది, గరుకుగా ఉంటే సంచి గోడను పట్టుకుంటుంది.

తప్పు ఎప్పుడూ లెన్స్‌దేనా

సిలిండర్ మిగిలిన ప్రతిసారీ లెన్స్ తిరిగిందనుకోవడం పొరపాటు. కొలతలోనే తప్పు ఉండవచ్చు. చాలాకాలం కార్నియా ముందు వైపు వంపును మాత్రమే కొలిచేవారు. వెనక వైపుకు కూడా సగటున 0.3 డయాప్టర్ సిలిండర్ ఉంటుందని, దాన్ని వదిలేస్తే కొందరికి ఎక్కువగా, కొందరికి తక్కువగా సరిచేసినట్టు అవుతుందని అమెరికా డాక్టర్ డగ్లస్ కోచ్ బృందం 2012లో చూపించింది. నిలువు దిశలో వంపు ఎక్కువున్న వారికి అవసరానికి మించి సరిచేస్తారు, అడ్డ దిశ వారికి తక్కువ పడుతుంది. ఆ తర్వాత వచ్చిన, లెన్స్ పవర్ ఎంచుకోవడానికి వాడే బారెట్ వంటి లెక్కల పద్ధతులు దీన్ని కూడా కలుపుకున్నాయి. పాత పద్ధతితో జరిగిన ట్రయల్‌నూ కొత్త పద్ధతితో జరిగినదాన్నీ పక్కపక్కన పెట్టి ఏ లెన్స్ మంచిదో తేల్చడం కుదరదు.

గుర్తు పెట్టడంలోనూ తప్పు రావచ్చు. మనిషి పడుకోగానే కన్ను తన గుంటలో కొంచెం గుండ్రంగా తిరుగుతుంది. సగటున 2 నుంచి 4 డిగ్రీలు, కొందరిలో అంతకు బాగా ఎక్కువ. అందుకే కూర్చోబెట్టి ఉన్నప్పుడే కంటి మీద సిరాతో గుర్తులు పెడతారు, లేదా ముందే తీసిన ఫొటోను మైక్రోస్కోప్‌లో చూపించే యంత్రం వాడతారు. సిరా చుక్క లావుగా పడినా ఒకటి రెండు డిగ్రీలు పోయినట్టే. ఇక ఆపరేషన్ కోత కూడా కార్నియా వంపును కొంచెం మారుస్తుంది. చివరికి మిగిలే సిలిండర్ ఇవన్నీ కలిసినది. లెన్స్ కోణాన్ని విడిగా కొలిస్తేనే దాని వాటా ఎంతో తెలుస్తుంది.

సగటు చెప్పని సంగతి

కోణాల సగటు తీయడంలో ఒక మోసం ఉంది. ఒకరి లెన్స్ కుడివైపు 8 డిగ్రీలు, మరొకరిది ఎడమవైపు 8 డిగ్రీలు తిరిగితే, గుర్తులతో సహా తీసిన సగటు సున్నా. దిశ వదిలేసి తీస్తే 8. నివేదికలో ఏది రాశారో చూసుకోవాలి. దిశ వదిలేసిన సగటు కూడా అంతా చెప్పదు. వంద మందిలో 97 మందికి 2 డిగ్రీలు, ముగ్గురికి 40 డిగ్రీలు తిరిగితే సగటు దాదాపు 3 దగ్గరే ఉంటుంది. ఆ ముగ్గురికీ మళ్లీ ఆపరేషన్ బల్ల తప్పకపోవచ్చు. అది కూడా సంచి బిగుసుకోక ముందు, తొలి వారాల్లోనే చేస్తే తేలిక.

సిలిండర్ విషయంలోనూ అంతే. దానికి పరిమాణంతో పాటు దిశ కూడా ఉంది కాబట్టి మామూలు కూడికలు పనికిరావు. కోణాలను రెట్టింపు చేసి వెక్టర్లుగా కలపాలి. 1993లో ఆస్ట్రేలియా డాక్టర్ నోయెల్ ఆల్పిన్స్ ప్రతిపాదించిన పద్ధతి ఇప్పుడు బాగా వాడుకలో ఉంది. సరిచేయాలనుకున్నది ఎంత, నిజంగా సరిచేసింది ఎంత, గురి ఎటు తప్పింది అన్నవి దానిలో విడివిడిగా కనిపిస్తాయి.

తిరిగే ప్రశ్నే లేని దారి

2017 నవంబరులో అమెరికా అనుమతి పొందిన ఒక లెన్స్ ఈ సమస్యను వేరే వైపు నుంచి తీసుకుంది. దాన్ని మామూలు లెన్స్‌లా పెట్టేస్తారు. కన్ను మానాక, మిగిలిన సిలిండర్‌ను కొలిచి, అతినీలలోహిత కాంతితో లెన్స్ ఆకారాన్నే కంటి లోపల మారుస్తారు. యాక్సిస్‌ను చివర్లో రాస్తారు కాబట్టి తొలి గంటల తిరుగుడుతో పని లేదు. దానికి చెల్లించే మూల్యం వేరు: కాంతి చికిత్స పూర్తయ్యే దాకా ప్రత్యేక అద్దాలు పెట్టుకోవాలి, ఆసుపత్రికి పలుమార్లు రావాలి. దాని ట్రయల్‌లో ప్రధాన ప్రశ్న తిరుగుడు కాదు, కాంతి ఇచ్చిన తర్వాత పవర్ స్థిరంగా నిలిచిందా అన్నది. రెండు రకాల లెన్సుల ఫలితాలను ఒకే పట్టికలో పెట్టి చూసేవారు ఈ తేడాను దాటేస్తుంటారు.

ట్రయల్‌లో లేని కళ్లు

టోరిక్ ట్రయల్స్‌లోకి సాధారణంగా క్రమమైన ఆస్టిగ్మాటిజం (ఎక్కువ, తక్కువ వంపులు ఒకదానికొకటి అడ్డంగా ఉండేది) ఉన్నవారినే తీసుకుంటారు. కార్నియా కోన్‌లా పొడుచుకువచ్చినవారు, కార్నియా మీద మచ్చ ఉన్నవారు, సంచిని పట్టి ఉంచే దారాలు బలహీనపడినవారు, కంటిపాప సరిగా పెద్దది కానివారు బయటే ఉండిపోతారు. ఆపరేషన్ మధ్యలో సంచి చిరిగితే టోరిక్ పెట్టకుండా వేరే లెన్స్ పెడతారు. మైనస్ పవర్ ఎక్కువున్నవారి కళ్లు పొడవుగా ఉంటాయి, వారి సంచి కూడా పెద్దది. లెన్స్ వదులుగా కూర్చుని తిరిగే అవకాశం వారిలోనే ఎక్కువ. ట్రయల్ సగటులో అలాంటివారు కొద్దిమందే ఉంటారు కాబట్టి వారి సంగతి ఆ అంకెలో మునిగిపోతుంది. అనుమతి వచ్చాక వేల కళ్లను లెక్కించే పరిశీలనల్లోనే వారి వాటా విడిగా కనిపిస్తుంది. కొందరు డాక్టర్లు ఇలాంటి కళ్లలో సంచిని లోపలి నుంచి చాపి పట్టే ఉంగరం కూడా లెన్స్‌తో పాటు పెడతారు.